స్తంభం మీద ఎవరి పేరు చెక్కాలి?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు అజెండాలో నాలుగో అంశం మీద నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. ఆ అంశం మీకు తెలిసిందే. పూర్వం ఈ చుట్టుపక్కల వ్యవసాయాన్ని ఒక దారిలో పెట్టిన ఒక మోతుబరి రైతు జ్ఞాపకార్థం కాలువ గట్టున ఒక రాతి స్తంభం నిలపాలని, మన సంఘం అందుకు పూనుకోవాలని ప్రతిపాదన వచ్చింది. ఆ పెద్దాయన పేరు ఇక్కడ అందరికీ తెలుసు కనుక నేను వేరే చెప్పను. ఆయన జనుము, పిల్లిపెసర వేసి పచ్చిరొట్ట దున్నించేవారని, వరసల్లో నాట్లు వేయించారని, మురుగు కాలువ కోసం తన చెక్కలోంచి దారి ఇచ్చారని, కౌలుదారులను ఏటేటా మార్చేవారు కాదని మన పెద్దవాళ్ళు చెబుతారు. ఇవన్నీ మంచి పనులే. ఆయనను స్మరించుకోవటంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

స్తంభం కట్టాలా వద్దా అన్నది నా చర్చ కాదు. దాని మీద ఎవరి పేరు చెక్కాలన్నదే నా చర్చ. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి. పండితుణ్ణి కాను. అయితే రిటైరయ్యాక తీరిక దొరికి కొంత చదివాను. అందులో ఈ విషయానికి పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది దూరదేశపు సంగతి. ఇంగ్లండులో నార్ఫోక్ అనే జిల్లా ఉంది. అక్కడ సముద్రం పక్కన హోల్కమ్ అనే పెద్ద ఎస్టేటు ఉంది. దానికి 1776లో థామస్ విలియం కోక్ అనే 22 ఏళ్ళ యువకుడు వారసుడయ్యాడు. ఆయన 1842లో చనిపోయేవరకు ఆ భూములు ఆయన చేతిలోనే ఉన్నాయి. తేలిక ఇసుక నేలలు. వాటికి సున్నపు పాలు ఉన్న మట్టి తోలటం, మంచి గొర్రెల్ని, పశువుల్ని తెచ్చి పెంచటం, గొర్రుతో వరసల్లో విత్తటం ఆయన ప్రోత్సహించాడు. రైతులకు ఏడాదికి కాక దీర్ఘకాలానికి కౌలు పత్రాలు ఇచ్చాడు. ఏటా గొర్రెల ఉన్ని కత్తిరించే రోజుల్లో ఎస్టేటులో పెద్ద సభ పెట్టేవాడు. 1821 దాకా ఆ సభలు జరిగాయి. మన కిసాన్ మేళాల వంటివి అనుకోండి. ఇతర దేశాల నుంచి కూడా జనం వచ్చి పొలాలు చూసి పోయేవారు.

ఆ నార్ఫోక్ పంటల పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు టర్నిప్ అనే దుంప, తరువాత బార్లీ, ఆ తరువాత క్లోవర్ అనే పశువుల మేత. ఇలా నాలుగేళ్ళ వంతు. ఈ క్లోవర్ మన పిల్లిపెసర, మినుము, జనుముల కుటుంబానికి చెందినదే. గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో చేర్చి నేలకు ఇస్తుంది. మన డెల్టాలో వరి కోతకు ముందే తడి నేలలో మినుము చల్లి, కోత అయ్యాక ఆ మినుముతో రెండో పంట తీస్తామే, అందులోని కిటుకూ అదే. అంటే ఇంగ్లండు ఇసుక నేలలోనూ, మన నల్ల రేగడిలోనూ రైతు కనిపెట్టినది ఒకటే. నేల దగ్గర తీసుకున్నది నేలకు తిరిగి ఇవ్వాలి.

కోక్ చనిపోయాక ఆయన కౌలుదార్లు, మిత్రులు చందాలు వేసుకున్నారు. 1845లో మొదలుపెట్టి 1850 నాటికి 120 అడుగుల ఎత్తున రాతి స్తంభం లేపారు. మామూలుగా ఇలాంటి స్తంభాల తలమీద ఒక సేనాపతో, ఒక దేవతో ఉంటారు. దీని తలమీద గోధుమ పన ఉంది. శీర్షంలో టర్నిప్ ఆకులు చెక్కారు. పీఠం నాలుగు మూలల్లో ఒక ఎద్దు, ఒక గొర్రె, ఒక నాగలి, ఒక విత్తనపు గొర్రు. పక్కల పలకల మీద ఉన్ని కత్తిరింపు, పొలాలకు నీరు పెట్టటం, రైతుకు కౌలు పత్రం ఇవ్వటం. ఇది చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. దున్నేవాడికి స్తంభం అంటే ఇలాగే ఉండాలి అనిపించింది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. ఆర్.ఎ.సి. పార్కర్ అనే చరిత్రకారుడు ఆ ఎస్టేటు జమాఖర్చు పుస్తకాలు తిరగేసి 1975లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆయన తేల్చిందేమిటంటే, కోక్ పేరు మీద చెలామణీ అయిన మార్పుల్లో చాలా భాగం ఆయన రాకముందే ఆ నేలల్లో మొదలయ్యాయి. పంటల వంతు ముందే ఉంది. సున్నపు మట్టి తోలటం ముందే ఉంది. దీర్ఘకాలపు కౌళ్ళూ ముందే ఉన్నాయి. ఆయన వచ్చాకే అక్కడ గోధుమ పండిందన్న మాట కూడా నిలబడదు. కోక్ గొప్ప ప్రోత్సాహకుడే, అందులో సందేహం లేదు. కాని అనేకమంది తరాల తరబడి చేసిన పని ఒక్క పేరు కిందికి చేరిపోయింది. ఇంకొక సంగతి. కోక్ బతికి ఉండగానే, 1830లో, ఇంగ్లండు దక్షిణ, తూర్పు జిల్లాల్లో వ్యవసాయ కూలీలు పని లేక, కూలి చాలక నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. నార్ఫోక్‌లోనూ అది జరిగింది. స్తంభం మీది నాగలిని నడిపిన చేతులు ఆ కూలీలవే.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. మన డెల్టాకు ఒక్క భూస్వామి వల్ల పంట రాలేదు. 1832-33 నందన నామ సంవత్సరపు కరువు గురించి మన తాతల తాతలు చెప్పుకున్నారు. డొక్కల కరువు అన్నారు. ఆ ఒక్క కరువులో గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల దాకా పోయారని చెబుతారు. పక్కనే కృష్ణ పారుతున్నా చేలోకి నీరెక్కే దారి లేదు. ఆ దారి 1852-55 మధ్య విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టాకనే వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టారు, కెప్టెన్ చార్లెస్ ఆర్ దగ్గరుండి కట్టించారు. అవతలి ఒడ్డు సంగతి అలా ఉంచితే, ఇవతలి ఒడ్డున సీతానగరం తూముల నుంచి బయలుదేరిన నీళ్ళు మన ఊళ్ళ దాకా వచ్చాయి. 1952లో ఆ పాత ఆనకట్టకు గండి పడింది. దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. కాటన్‌కు మనవాళ్ళు ఎన్నో విగ్రహాలు పెట్టుకున్నారు. పెట్టుకోవలసిందే. ఆర్ పేరు ఎంతమందికి తెలుసు? ఆ ఆనకట్టకు రాళ్ళు మోసినవాళ్ళలో, ఈ కాలువలు తవ్విన తట్ట, పారవాళ్ళలో ఒక్కరి పేరయినా ఎవరికైనా తెలుసా?

ఇప్పుడు మన భట్టిప్రోలు స్తూపం దగ్గరకు వస్తాను. ఇది నా ప్రసంగంలో ముఖ్యమైన భాగం.

మన ఊరికి వచ్చే చుట్టాలకు స్తూపం చూపిస్తాం. అది ఒకప్పుడు 148 అడుగుల అడ్డుకొలత, 40 అడుగుల ఎత్తు ఉన్న ఇటుకల మహా స్తూపం అని చెబుతాం. ఇప్పుడు కనిపించేది దాని అడుగు భాగం మాత్రమే. మిగతాది ఏమయింది? కాలం తినేసిందని చాలామంది అనుకుంటారు. కాలం ఒక్కటే కాదు, 19వ శతాబ్దంలో మన శాఖ పూర్వీకులే దాన్ని విప్పారు. ఇటుకలు రోడ్డుకు పోయాయి. పాలరాళ్ళు వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడానికి పోయాయి. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే తన నివేదికలో ఈ సంగతి రాశాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఊరి పంట కోసం ఊరి జ్ఞాపకాన్ని విప్పి తూములో పెట్టారు. ఇందులో నేను ఎవరినీ నిందించటం లేదు. కరువు చూసిన జిల్లా అది. తూము కావాలి, రాయి దగ్గర్లో ఉంది, తీసుకున్నారు. ఆ తూము వల్ల ఎన్ని ఎకరాలు తడిశాయో, ఎన్ని పొయ్యిలు వెలిగాయో మనకు తెలుసు. అయినా పోయినదేదో పోయింది. మంచి పని చేస్తూ కూడా మనుషులు ఎంత విలువైనదాన్ని మరచిపోగలరో చెప్పటానికి ఇంతకంటె ఉదాహరణ నాకు దొరకలేదు.

అదృష్టవశాత్తు అంతా పోలేదు. 1892లో ఆ రే గారే మిగిలిన స్తూపం నడిబొడ్డున తవ్వించారు. మూడు రాతి ధాతుపేటికలు దొరికాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు ఉన్నాయి. పేటికల మీద బ్రాహ్మీలో ప్రత్యేకమైన ఒక లిపిలో శాసనాలున్నాయి. వాటిని జర్మను పండితుడు బ్యూలర్ చదివి 1894లో ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. క్రీస్తుకు పూర్వం నాటి ఆ లిపిని ఈనాటికీ ప్రపంచమంతా భట్టిప్రోలు లిపి అనే పిలుస్తోంది. ఇది మనలో చాలామందికి తెలిసిన గర్వకారణం.

అయితే ఆ శాసనాల్లో ఏముందో చదివినవాళ్ళు తక్కువ. కుబిరకుడు అనే రాజు పేరు ఉంది, నిజమే. కాని మొత్తం రాజు పొగడ్తే కాదు. మొదట కురుడు అనే ఒకాయన, ఆయన తల్లి, తండ్రి, శివుడనే మరొకాయన కలిసి పేటికను ఇచ్చారని ఉంది. తరువాత గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. నిగమం, అంటే ఊరి పెద్దల, వర్తకుల సంఘం. ఆ సంఘం వాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చెక్కారు. జేతుడు, జంభుడు, తిస్సుడు, కేసుడు, సమణదాసుడు, చితకుడు, ఇలా ఇరవై దాకా. వీళ్ళెవరూ రాజులు కారు. వాళ్ళ బిరుదులు లేవు, వంశాలు లేవు. ఉత్త పేర్లు. దొరికిన ఒక స్ఫటికం ముక్క మీద నందపురం స్త్రీల కానుక అని కూడా ఉంది.

రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందట, మన ఊరివాళ్ళు ఒక మహాపురుషుడి ధాతువుల మీద స్మారకం కట్టుకున్నప్పుడు, డబ్బూ శ్రమా ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ వరసగా రాసిపెట్టుకున్నారు. రాజుకూ చోటిచ్చారు, సంఘానికీ చోటిచ్చారు, ఆడవాళ్ళకూ చోటిచ్చారు. స్తూపం పైభాగం తూముల్లోకి, రోడ్లలోకి పోయినా ఆ పేర్లు నిలిచాయి. హోల్కమ్ స్తంభం ఒక పద్ధతి. భట్టిప్రోలు పేటిక ఇంకొక పద్ధతి. మనకు పరాయి ఊరి పద్ధతి ఎందుకు? మన ఊరి పద్ధతే ఎంతో మేలు.

అందువల్ల నా ప్రతిపాదన ఇది. స్తంభం పెడదాం. ఆ పెద్దాయన పేరు మొదట చెక్కుదాం. ఆయన చేసిన పనులను పెద్ద మాటలు లేకుండా, చేసింది చేసినట్టు రాద్దాం. మురుగు కాలువకు దారి ఇచ్చారు, కౌలుదారును నిలకడగా ఉంచారు అని రాస్తే చాలు. కర్షక చక్రవర్తి వంటి బిరుదులు వద్దు. బిరుదులు రాతి మీద ఎక్కువ చోటు తింటాయి, చదివేవాడికి ఏమీ చెప్పవు.

ఆ తరువాత అదే రాతి మీద మిగతా పేర్లు రావాలి. ఎవరివి అంటారా? మొదట ఆయన చేను దున్నిన కౌలుదార్లవి, పాలేళ్ళవి. మన ఊళ్ళలో భూమి ఒకరిది, సేద్యం ఒకరిది అని కొత్తగా చెప్పక్కరలేదు. కౌలుకు చేసేవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండేది కాదు. కనుక పంట రుణమూ, నష్టపరిహారమూ అతని దాకా వచ్చేవి కావు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి 11 నెలల ఒప్పంద పత్రం పెట్టారు. దానికీ భూమి సొంతదారు సంతకం కావాలి కాబట్టి, ఎంతమంది దాకా ఆ పత్రం చేరిందో పల్లెల్లో తిరిగినవాళ్ళకు తెలుసు. కాగితం మీద లేని పేరు కనీసం రాయి మీద ఉండాలి.

తరువాత నాట్లు వేసిన ఆడవాళ్ళు. వరస నాటు ఆసామి చెప్పగానే రాలేదు. తాడు పట్టుకుని, మోకాలి లోతు దమ్ములో నడుము వంచి, కొత్త పద్ధతి చేతికి అలవాటు చేసుకున్నది ఆ నాట్ల ముఠాలు. ఆ రోజుల్లో ఒక్కో ముఠాకు మేస్త్రి ఒకామె ఉండేది. వాళ్ళలో ఇంకా బతికున్నవాళ్ళు ఉన్నారు. నందపురం స్త్రీలకు ఆనాడు చోటు దొరికితే, మన వాడల స్త్రీలకు ఈనాడు దొరకకూడదా?

తరువాత మన లస్కర్లు. ఈ సభలో ఉన్న నా మిత్రుల్లో కొందరు ఆ ఉద్యోగం చేసినవాళ్ళే. వంతు నీరు వదిలే రాత్రుల్లో లాంతరుతో గట్టు మీద తిరిగినవాళ్ళు, తూము తలుపు ఎత్తటంలో ఎగువ రైతుకూ దిగువ రైతుకూ మధ్య మాటలు పడ్డవాళ్ళు. 2009 అక్టోబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చింది. మన మండలంలోనే ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడింది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రాత్రుల్లో ఇసుక బస్తాలు మోసినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. బస్తాల లెక్క ఉంటుంది, మోసినవాడి పేరు ఉండదు. ఆ రిజిస్టర్లు రాసిన మనిషిగా ఈ మాట అంటున్నాను.

విత్తనం సంగతి కూడా మరచిపోకూడదు. మన బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వచ్చింది. 1986లో బాపట్ల నుంచే బి.పి.టి. 5204 విత్తనం విడుదలయింది. సాంబ మసూరి అంటే దేశమంతా తెలుసు. అందులో బి.పి.టి. అన్న మూడక్షరాలు బాపట్లవని మన పిల్లలకే తెలియదు. ఒక రకం నిలబడాలంటే ఎన్నో ఏళ్ళు మడుల్లో కంకి కంకీ పట్టి చూసిన శాస్త్రజ్ఞులు, క్షేత్ర సిబ్బంది ఉండాలి. వాళ్ళలో మన పెన్షనర్లూ ఉన్నారు.

ఇన్ని పేర్లు రాతి మీద పడతాయా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆ పురాతన పేటిక మూత ఎంత ఉంటుంది? అంత చిన్న చోటులోనే వాళ్ళు వరసగా చెక్కారు. అన్ని పేర్లూ పట్టకపోతే ఊరికో, ముఠాకో రెండు పేర్లు పెడదాం. మిగతావి ఒక పుస్తకంలో రాసి ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో, ఒక ప్రతి గ్రంథాలయంలో, ఒక ప్రతి మన సంఘం బీరువాలో ఉంచుదాం.

పేర్లు సేకరించటం మన పనే. దీనికి మనకంటె తగినవాళ్ళు లేరు. రెవెన్యూ వాళ్ళకు అడంగలు చదవటం వచ్చు. కోఆపరేటివ్ వాళ్ళకు పాత సభ్యుల పట్టీలు ఎక్కడుంటాయో తెలుసు. ఉపాధ్యాయులకు ఊళ్ళో ప్రతి ఇల్లూ తెలుసు. ఆరోగ్య శాఖ సోదరీమణులను చూస్తే ఏ వాడలోనైనా ముసలమ్మలు తలుపు తీస్తారు. ఎవరిదైనా పేరు రాసేముందు ఇద్దరు వేరువేరు మనుషుల చేత అవునని చెప్పించుకోవాలి. ఒక్కరే చెప్పినది పుస్తకంలో పెట్టి, ఒక్కరు చెప్పారని పక్కన రాయాలి. హోల్కమ్ వాళ్ళకు జమాఖర్చు పుస్తకాలు మిగిలాయి కనుక, నూట పాతికేళ్ళ తరువాతయినా నిజం తేలింది. మన పాలేళ్ళకు, నాట్ల ముఠాలకు జమాఖర్చు పుస్తకాలు లేవు. వాళ్ళ సంగతి తెలిసిన మనుషులే ఉన్నారు. ఆ మనుషులు 80 దాటిన వయసులో ఉన్నారు. కిందటి సమావేశంలో ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో ఎందరు ఈసారి లేరో మీరే చూడండి. నిధి ఆరు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు. రాయి ఎక్కడికీ పోదు. పేర్ల పని మాత్రం వచ్చే ఆదివారం నుంచి మొదలుపెట్టాలి.

చివరిగా ఒక చిన్న మాట. ఆ పెద్దాయన కుటుంబంవారు ఈ సభలో ఉన్నారు. ఇంతమంది పేర్ల మధ్య పెడితే ఆయన గౌరవం తగ్గుతుందని వారు అనుకోవద్దు. తన కౌలుదారుణ్ణి ఏటా మార్చని మనిషి, తన రాతి మీద ఆ కౌలుదారు పేరు ఉంటే సంతోషిస్తాడే గాని చిన్నబుచ్చుకోడు. కుబిరక రాజు పేరు నిలిచినది కూడా సంఘం పేర్లతో కలిసి ఉన్నందువల్లనే.

పేర్ల సేకరణకు గ్రామానికి ఇద్దరు చొప్పున వాలంటీర్లు కావాలి. నేను వెల్లటూరు తీసుకుంటున్నాను. మిగతా గ్రామాలకు మీ పేర్లు భోజనాలకు లేవకముందే కోశాధికారిగారికి ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.